కారుకు అదనపు ఫిట్టింగులు: ఏవి సొంతంగా బిగించుకోవాలి, ఏవి షెడ్డుకు ఇవ్వాలి?

ప్రశ్న ఇది. తిరుపతిలో ఉండే ఒకరు 2016 నాటి పెట్రోలు స్విఫ్ట్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. దానికి టచ్ స్క్రీన్ స్టీరియో, వెనుక కెమెరా, ఫాగ్ ల్యాంపులు, వెలుగు ఎక్కువ ఇచ్చే హెడ్‌లైట్లు, అలాయ్ చక్రాలు కావాలి. కారు కాస్త ఎత్తు పెరిగేలా స్ప్రింగులు కూడా మార్చాలనుంది. షెడ్డులో కూలీ చాలా చెబుతున్నారు. వీడియోలు చూస్తే అన్నీ ఇంట్లోనే అయిపోయేలా ఉన్నాయి. ఏది మేలు?

సూటిగా చెబుతాను. స్టీరియో, కెమెరా మీరే బిగించుకోండి. ఫాగ్ ల్యాంపులకు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్), ఫ్యూజు పద్ధతిగా పెట్టడం నేర్చుకుంటే అవీ మీరే చేయవచ్చు. అలాయ్ చక్రాలు టైర్ల షాపులో వేయించండి. బ్రేకులు, సస్పెన్షన్ ఇంట్లో ముట్టుకోవద్దు. ఎత్తు పెంచే స్ప్రింగుల మార్పు మాత్రం ఎవరి చేతా చేయించవద్దు.

నేను తిరుపతిలో కార్ల వైరింగ్ పని చేస్తాను. కొత్త సామాను బిగించమని వచ్చే బళ్లతో పాటు, ఎవరో బిగించినది బాగు చేయమని వచ్చే బళ్లు కూడా నాకు తక్కువేమీ కాదు. వాటిలో ఇంట్లో చేసుకున్నవీ ఉంటాయి, డబ్బు పోసి షెడ్డులో చేయించినవీ ఉంటాయి. అందుకే షెడ్డు అయితే భద్రం, సొంతంగా అయితే ప్రమాదం అనే మాట నేను ఒప్పుకోను.

చాలామంది 'ఈ పని కష్టమా, సులువా' అని చూస్తారు. నేను చూసేది వేరు: తప్పు జరిగితే అది ఎక్కడ బయటపడుతుంది? స్టీరియో వైరు తప్పుగా కలిపితే మీ వాకిట్లోనే తెలిసిపోతుంది. పాట రాదు, లేదా ఫ్యూజు పోతుంది. విప్పి మళ్లీ కలుపుతారు. బ్రేకు పైపు నట్టు సరిగ్గా బిగుసుకోకపోతే వాకిట్లో పెడల్ గట్టిగానే అనిపించవచ్చు. అసలు సంగతి తెలిసేది కొండ దిగేటప్పుడు, వెనుక సీట్లో ముగ్గురు కూర్చుని ఉన్నప్పుడు. పని ఎంత సులువైనా, దాని తప్పు రోడ్డు మీద బయటపడేదైతే అది మీది కాదు.

ఈ లెక్కలో కాలి కింద మ్యాట్ కూడా పెద్ద విషయమే. ఉన్న మ్యాట్ మీద ఇంకో మందపాటి మ్యాట్ పరిచేవాళ్లు ఎందరో. అది జరిగి యాక్సిలరేటర్ కిందకో, బ్రేకు పెడల్ కిందకో చేరుతుంది. డ్రైవరు వైపు ఒక్క మ్యాట్ మాత్రమే ఉండాలి, అది కొక్కేనికి తగిలించి ఉండాలి. పైసా ఖర్చు లేని పని కదా అని దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

తిరుపతిలో ఉన్నాం కాబట్టి బ్రేకుల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. తిరుమల నుంచి మనం దిగేది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డులో. మలుపు తరువాత మలుపు. దిగినంతసేపూ ప్యాడ్లు వేడెక్కుతూనే ఉంటాయి, ఆ వేడి బ్రేకు ఆయిల్‌కు పాకుతుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. ఆయిల్ మరిగితే పైపులో ఆవిరి బుడగలు చేరి, పెడల్ తొక్కినా బ్రేకు పడదు. పైపు విప్పి బిగించినప్పుడు లోపల గాలి మిగిలినా ఇదే జరుగుతుంది. గాలి పూర్తిగా తీయడానికి ఇద్దరు మనుషులు, అలవాటైన చేయి కావాలి. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కొన్ని బళ్లకు, కారు కంప్యూటరుకు కలిపే స్కానర్ కూడా కావాలి. మీ కారుకు బ్రేకుల పని ఉంటే తెలిసిన మెకానిక్‌కు డబ్బిచ్చి, పక్కన నిలబడి చేయించుకోండి. పాత బండి కొన్నారు కాబట్టి మీరు చెప్పిన హంగులన్నిటికన్నా ముందు బ్రేకు ఆయిల్ మార్పించండి. ఇది మీరు అడగలేదు, అయినా అడిగిన వాటన్నిటికన్నా ఇదే అవసరం.

ఇక నా పని, వైరింగ్. తప్పు ఎక్కడ బయటపడుతుందన్న ప్రశ్నకు ఇక్కడ తేలికైన జవాబు లేదు. వాకిట్లో అన్నీ వెలుగుతాయి. మూడు నెలలూ బాగుంటుంది. ఆ తరువాత ఒకరోజు పొగ వస్తుంది.

పలమనేరు నుంచి దర్శనానికి వచ్చిన ఒక కుటుంబం కారు ఇలాగే నా దగ్గరికి వచ్చింది. అలిపిరి చేరేసరికి బోనెట్‌లోంచి కాలిన వాసన. తెరిచి చూస్తే, జత ఫాగ్ ల్యాంపులకు స్పీకర్లకు వాడే సన్న వైరు వేసి ఉంది. బ్యాటరీ నుంచి నేరుగా డ్యాష్‌బోర్డులోని స్విచ్‌కు లాగారు. ఫ్యూజు లేదు, రిలే లేదు. ఇంజను గదికి, క్యాబిన్‌కు మధ్య ఉన్న రేకుకు డ్రిల్లుతో రంధ్రం చేసి, రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు గ్రోమెట్ వేయకుండా అందులోంచి వైరు దూర్చారు. బండి కదలికకు రేకు అంచు వైరు తొడుగును కోసేసింది, రాగి రేకుకు తగిలింది. ఇంకో పావుగంట నడిపి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేసింది. అది ఇంట్లో చేసుకున్న పని కాదు, డబ్బు తీసుకుని షెడ్డులో చేసినది.

లెక్క చూడండి. 55 వాట్ల హాలోజన్ ల్యాంపులు రెండంటే 110 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే సుమారు 9 ఆంపియర్లు. అంత కరెంటు చిన్న స్విచ్ గుండా పోతే అది కరుగుతుంది. అందుకే రిలే. స్విచ్ నుంచి రిలేలోని కాయిల్‌కు ఆంపియర్‌లో చిన్న భాగం పోతే చాలు, పెద్ద కరెంటు బ్యాటరీ నుంచి రిలే గుండా ల్యాంపుకు వెళ్తుంది. రిలే కింద అంకెలు ఉంటాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా వచ్చే వైరు, 87కు ల్యాంపులకు వెళ్లే వైరు, 86కు స్విచ్ నుంచి వచ్చే వైరు, 85కు ఎర్త్ (కారు బాడీకి కలిపే వైరు). ఈ నాలుగూ అర్థమైతే ఫాగ్ ల్యాంపుల పని సగం వచ్చినట్టే. స్విచ్‌కు కరెంటు తాళం తిప్పితేనే వచ్చే లైను నుంచి ఇవ్వండి. లేకపోతే తాళం తీసి వెళ్లాక కూడా ల్యాంపులు వెలుగుతూనే ఉండిపోతాయి.

ఫ్యూజు కాపాడేది ల్యాంపును కాదు, వైరును. ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలా తప్పులు జరగవు. వైరు ఎక్కడ రేకుకు తగిలినా ఫ్యూజు పోవాలంటే, అది బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ల్యాంపు దగ్గర పెట్టిన ఫ్యూజు మధ్యలో ఉన్న వైరును కాపాడలేదు. ఈ 9 ఆంపియర్లకు 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరిపోతాయి. ఫ్యూజు పదే పదే పోతుంటే 30ది వేయడం పరిష్కారం కాదు. ఎక్కడో తగులుతోందని అది చెబుతోంది, ఆ చోటు వెతకాలి.

జాయింట్లు చూస్తే ఎవరు పని చేశారో నాకు తెలిసిపోతుంది. కారు అసలు వైరు మీద బ్లేడుతో తొడుగు గీకి, కొత్త వైరును దాని చుట్టూ మెలిపెట్టి, నల్ల టేపు చుట్టేయడం ఎక్కువగా కనిపిస్తుంది. తిరుపతి ఎండల్లో, బోనెట్ కింద వేడికి ఆ టేపు జిగురు కారిపోయి ఊడుతుంది. జాయింట్‌కు సరైన టెర్మినల్ క్రింప్ చేసి (ప్లయర్‌తో నొక్కి బిగించి), వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. ఇంజను గదిలో వైర్లన్నీ ముడతల ప్లాస్టిక్ గొట్టంలో పోవాలి. కారులో ఎలుకలు తిరిగే చోట్ల ఈ గొట్టం మరీ అవసరం.

పని అయ్యాక ఒక పరీక్ష చేయండి. ఇంజను ఆన్‌లో ఉంచి, ల్యాంపులు వెలిగించి, మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర వోల్టేజీ, ల్యాంపు కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ సాకెట్) దగ్గర వోల్టేజీ చూడండి. తేడా అర వోల్టు దాటితే వైరు సన్నదో, జాయింటు వదులో, ఎర్త్ తుప్పు పట్టిందో అయి ఉంటుంది. షెడ్డుల్లో ఇది కొలిచేవాళ్లను నేను చాలా తక్కువగా చూశాను.

ఇంట్లో చేసుకునేవాళ్ల గొప్పతనం ఇక్కడే ఉంది. చంద్రగిరి నుంచి వచ్చే ఒక బ్యాంకు ఉద్యోగి తన కారు వైరింగ్ తానే చేసుకున్నారు. ప్రతి వైరుకు చీటీ, ప్రతి మలుపు దగ్గరా క్లిప్పు, గ్లవ్ బాక్సులో చేత్తో గీసిన బొమ్మ. అంత శుభ్రమైన పని ఏ షెడ్డులోనూ దొరకదు. మా చేతి వేగం, పనిముట్లు ఆయన దగ్గర లేవు. ఆయన దగ్గర ఉన్నది ఓపికగా కూర్చునే ఆదివారం. షెడ్డువాళ్లు సాయంత్రంలోగా ఇంకో మూడు బళ్లు పంపాలి. వైరింగ్‌లో తొందరకు చోటు లేదు. అందుకే నేర్చుకునే మనసున్నవాళ్లను ఈ పని చేయమనే ప్రోత్సహిస్తాను.

స్టీరియో సంగతి. మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ కొనండి. అది ఉంటే కారు అసలు వైర్లు ఒక్కటి కూడా కోయనక్కరలేదు. సాధారణంగా పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. రంగును నమ్మకండి, మీటరుతో చూసుకున్నాకే కలపండి. పసుపు, ఎరుపు రెండూ కలిపి ఒకే లైనుకు ఇస్తే స్టీరియో పూర్తిగా నిద్రపోదు. రోజంతా 300 మిల్లీ ఆంపియర్లు లాగుతోందనుకుంటే, 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఐదు రోజుల్లో ఖాళీ. కారు ఇంటి దగ్గర వదిలి ఊరికి వెళ్లి వచ్చి, బ్యాటరీ పోయిందని కొత్తది కొన్నవాళ్లు ఉన్నారు. పోయింది బ్యాటరీ కాదు. కారు ఆపి, తలుపులు మూసి కొంతసేపయ్యాక లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే బాగున్నట్టు. మీటరును వరుసలో పెట్టి (బ్యాటరీ వైరు విప్పి, ఆ మధ్యలో కలిపి) ఇది కొలిచేటప్పుడు పొరపాటున కూడా స్టార్ట్ చేయవద్దు, మీటరు కాలిపోతుంది. కెమెరాకు కరెంటు రివర్స్ లైటు నుంచి తీసుకోవాలి.

డ్యాష్‌బోర్డు విప్పే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగులవి, వాటి జోలికి వెళ్లవద్దు. టెస్టింగ్ ల్యాంపుతో కూడా తాకవద్దు. ప్లాస్టిక్ క్లిప్పులు విరగకుండా రావాలంటే ప్లాస్టిక్ పట్టీలతోనే విప్పండి, స్క్రూడ్రైవరుతో పొడవకండి.

హెడ్‌లైట్లు. మీ కారులో ఉండే హెచ్4 హాలోజన్ బల్బు 60/55 వాట్లది. దాని బదులు 100/90 వేస్తే ఒక్కో బల్బు 100 వాట్లు తాగుతుంది. కప్లర్ కరుగుతుంది, లోపలి రిఫ్లెక్టరు మసకబారుతుంది. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు పుట్టే చోటు మారి, కాంతి అడ్డదిడ్డంగా చెదురుతుంది. మీకు తెల్లగా, బాగా కనిపిస్తున్నట్టే ఉంటుంది, ఎదురు వచ్చేవాడికి మాత్రం కళ్లు చీకట్లు కమ్ముతాయి. పుత్తూరు, నగరి మీదుగా రాత్రి చెన్నై రోడ్డులో వెళ్లినవాళ్లకు ఆ బాధ తెలుసు. మీ సమస్య నిజంగా బల్బుదేనా అన్నది ముందు చూడాలి. పాత కారులో హెడ్‌లైటు పై అద్దం పచ్చబడి ఉంటుంది, దాన్ని పాలిష్ చేయించండి. తరువాత అసలు వాట్ల మంచి బల్బులే వేసి, రిలే హార్నెస్ (రిలే, వైర్లు కలిపి వచ్చే సెట్టు) పెట్టండి. బల్బుకు పూర్తి వోల్టేజీ అందితే తేడా మీ కళ్లకే తెలుస్తుంది. చివరగా ఫోకస్ సరిచేయించండి.

చక్రాలు. మామూలు మోడల్ స్విఫ్ట్‌కు 165/80 ఆర్14 టైర్లు, పై మోడల్‌కు 185/65 ఆర్15. లెక్క కడితే మొదటిది సుమారు 620 మిల్లీమీటర్ల వ్యాసం, రెండోది 621. అంటే 15 అంగుళాల అలాయ్ వేయాలనుకుంటే దారి కంపెనీయే చూపించింది. అందం కోసం 205/65 ఆర్15 వేస్తే వ్యాసం 647 దాటుతుంది. స్పీడు మీటరు 80 చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి 83కు పైగా వెళ్తుంటారు, నిండు బండిలో మలుపు తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డు లోపలి భాగానికి రాసుకునే అవకాశమూ ఉంది. అలాయ్ మధ్య రంధ్రం హబ్ (చక్రం కూర్చునే మధ్య భాగం) కన్నా పెద్దదైతే ఆ ఖాళీ పూడ్చే హబ్ రింగు వేయాలి, నట్టు కూర్చునే ఆకారం అలాయ్‌కు సరిపోవాలి. బ్యాలెన్సింగ్ ఇంట్లో జరిగే పని కాదు. టైర్ల షాపులో గన్‌తో ఒక్క ఊపున బిగించి వదిలేయనివ్వకండి. ఎంత బిగువో కొలిచి బిగించే టార్క్ రెంచితో ఎదురెదురు నట్లు వరుసగా బిగించమనండి. ఓ 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించండి.

స్ప్రింగులు. షాక్ అబ్జార్బరు మీది స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. సరైన కంప్రెసర్ లేకుండా పై నట్టు విప్పితే అది ఎగిరి ముఖానికి తగులుతుంది. షెడ్డుకు కూడా ఎందుకు ఇవ్వవద్దంటున్నానంటే, కారు ఎత్తు పెరిగితే బరువు నిలిచే చోటు కూడా పైకి పోతుంది. మొగిలి ఘాట్‌లోనో, భాకరాపేట ఘాట్‌లోనో మలుపు తిరిగేటప్పుడు కారు ఇదివరకటి కన్నా ఎక్కువ వాలుతుంది. స్ప్రింగు మధ్యలో పెట్టే రబ్బరు బఫర్ల సంగతీ అంతే. కింద తగులుతోందంటే పాత స్ప్రింగులు కుంగి ఉండవచ్చు. కంపెనీ కొలత స్ప్రింగులే కొత్తవి వేయించండి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందకు ఏ పనికీ దూరవద్దు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. ముందు బిగించే ఇనుప క్రాష్ గార్డులు వద్దని కేంద్రం 2017లోనే చెప్పింది. రకరకాల స్వరాలు పలికే హారన్లు నిషిద్ధం. అద్దాల గుండా వెలుగు ముందు, వెనుక 70 శాతం, పక్కల 50 శాతం రావాలి. మన జిల్లాల నుంచి బయలుదేరితే కాసేపట్లోనే తమిళనాడో, కర్ణాటకో వస్తుంది. ఇక్కడ ఎవరూ ఆపలేదన్నది అక్కడ పనికిరాదు. సీఎన్జీ కిట్ ఆలోచన ఎప్పుడైనా వస్తే, అది ఆమోదం ఉన్న సెంటరులోనే వేయించి ఆర్సీలో ఎక్కించాలి. సిలిండరులో 200 బార్ ఒత్తిడి ఉంటుంది, అది ఇంటి పని కానే కాదు. స్టీరియో లాంటి ఖరీదైన ఫిట్టింగులను బీమా కంపెనీకి చెప్పి పాలసీలో రాయించండి.

డబ్బు లెక్క. మొదటి పనిలో మీకు ఏమీ మిగలదు. మంచి క్రింపింగ్ ప్లయర్, మల్టీమీటర్, ప్లాస్టిక్ పట్టీలు, స్లీవ్‌లు, వైరు కొనేసరికి కూలీ డబ్బు దాదాపు వాటికే పోతుంది. రెండో పని నుంచి మిగలడం మొదలవుతుంది. మీ కారులో ఏ వైరు ఎటు పోతుందో తెలియడం మాత్రం మొదటి రోజే దక్కుతుంది.

షెడ్డుకు ఇచ్చే పనులకు ముందే ఈ ప్రశ్నలు అడగండి: అసలు వైరు కోస్తారా, కప్లర్ వాడతారా? ఫ్యూజు ఎక్కడ పెడతారు? రేకులో రంధ్రం చేస్తే గ్రోమెట్ వేస్తారా? తీసిన పాత సామాను తిరిగి ఇస్తారా? బిల్లు ఇస్తారా? అడిగినందుకు విసుక్కునే చోట పని ఇవ్వకండి. మంచి మెకానిక్ ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు, నేనైతే సంతోషిస్తాను. అన్ని పనులూ ఒకేసారి ఇవ్వకుండా ముందు చిన్నది ఒకటి ఇచ్చి చేయి చూడండి. రేపు తెల్లవారుజామున కొండకు వెళ్లాలి, ఈ రాత్రికి బిగించండి అని మాత్రం ఎవరినీ తొందరపెట్టకండి. ఏ ఫిట్టింగ్ అయినా ముందు వారం రోజులు ఊళ్లో తిరగనివ్వాలి.

మీ స్థానంలో నేనుంటే వరుస ఇలా పెట్టుకుంటాను: ముందు బ్రేకు ఆయిల్, ప్యాడ్లు షెడ్డులో. తరువాత స్టీరియో, కెమెరా మీ చేత్తో. అది చక్కగా వస్తే హెడ్‌లైట్లకు రిలే హార్నెస్, దాని తరువాత ఫాగ్ ల్యాంపులు. టైర్లు అరిగి మార్చాల్సి వచ్చినప్పుడే అలాయ్‌లు. ఫాగ్ ల్యాంపుల దగ్గరికి వచ్చినప్పుడు బ్యాటరీకి కలపకముందే కాగితం మీద వైరింగ్ బొమ్మ గీసి ఇక్కడ పెట్టండి, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో, వైరు ఎంత మందమో కూడా రాయండి. చూసి చెబుతాను.